పసి ఈగలు ఎగిరిన మధ్యాహ్నం

ఆ ఇంట్లో తేనెటీగల పని చూసేది కోడలు ఒక్కతే. అత్తగారికి తేనె ఇష్టం, పెరట్లోంచి వచ్చే సన్నటి మోత ఇంకా ఇష్టం. కానీ పెట్టెల దగ్గరికి రమ్మంటే మాత్రం ఆవిడకి మోకాళ్ల నొప్పులు గుర్తొచ్చేవి. ఇక కొడుకు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక్క ఈగ కుట్టినా చాలు, అతని మొహం బేకరీలో అతనే కాల్చే బన్నులా పొంగిపోయేది. ఓసారి ఆస్పత్రిలో సూది వేయించుకుని బతికి బయటపడ్డాక, పెరటి కిటికీకి అద్దం బిగించుకుని, దాని వెనకాల నిలబడి పెళ్లానికి సలహాలివ్వడం మొదలుపెట్టాడు.

"పొగ ఇంకొంచెం పెట్టవే!" అని లోపల్నుంచి అరిచేవాడు.

"మీరొచ్చి పెట్టండి," అనేది ఆమె. ఆ పూటకి సలహాలు అక్కడితో ఆగిపోయేవి.

ఆమె ఊళ్లో కళ్లద్దాల షాపులో పనిచేసేది. అద్దాలు అరగదీసి, ఫ్రేముకి సరిపోయేలా అంచులు చెక్కి బిగించే పని. రోజంతా వేళ్ల మధ్య అద్దం ముక్కలు పట్టుకునే మనిషి కాబట్టి చేతికి తొందర తెలియదు. తేనెటీగలకి నచ్చేది అలాంటి చెయ్యేనని మామగారు అనేవాడు.

పెట్టెలు మామగారివి. తాళాలు బాగుచేస్తూ బతికిన మనిషి ఆయన. షాపు మూసి ఇంటికి రాగానే కాళ్లు కూడా కడుక్కోకుండా పెరట్లోకి నడిచేవాడు. కోడలు ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మాట పెగిలేది కాదు. చిన్నప్పుడే అమ్మానాన్నా పోతే, మేనమామల ఇళ్లలో వంతులవారీగా పెరిగిన పిల్ల. ఎవరింట్లో ఉన్నా తన పక్క ఒక మూల, తన బట్టలు ఒక సంచిలో. పెళ్లై వచ్చాక కూడా ఏ గ్లాసు తీసుకోవచ్చో, ఏ కుర్చీలో కూర్చోవచ్చో ఒకటికి రెండుసార్లు ఆలోచించేది. మామగారు అది గమనించాడు. ఓ ఆదివారం ఆమెని పెరట్లోకి పిలిచి, వరసలో చివరి పెట్టె మీద చెయ్యేసి, "ఇది నీది," అన్నాడు.

"అంటే?"

"అంటే నీది. దీని తేనె నువ్వే తియ్యాలి, దీని కుట్లు నువ్వే తినాలి."

పుట్టి బుద్ధెరిగాక ఇది నీది అని ఎవరైనా ఆమెతో అన్నది అదే మొదలు. ఆ రోజు నుంచి ఆమె ఆయన వెనకాలే తిరిగి పని నేర్చుకుంది. ఈగలు పట్టు కట్టే చెక్క చట్రాన్ని కుదపకుండా ఎలా పైకి తియ్యాలి, మైనపు గది అడుగున దారప్పోగంత గుడ్డుని ఎండకి ఏ వాలున పెట్టి చూడాలి, రాణి కనబడకపోయినా ఉందని ఎలా పోల్చాలి, అన్నీ. ఆయన పోయాక పెట్టెలన్నీ ఆమె చేతికొచ్చాయి. ఆయన వేసిన చట్రాల్లో ఒక్కటి కూడా మార్చలేదు. ఆయన తీగ లాగి బిగించినవి, వాటి మీద తరాల తరబడి ఈగలు పుట్టి నల్లబడ్డ మైనపు పట్లు. నల్ల పట్టులోనే రాణి ఇష్టంగా గుడ్లు పెడుతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్నీ ఆమె అలాగే ఉంచుకుంది.

చలి తగ్గి, పెరటి కంచె అవతలి యాపిల్ తోట పూతకొచ్చిన రోజుల్లో జరిగింది ఇది.

ఓ ఉదయం పెట్టెల ముందు గడ్డిలో ఈగలు పాకుతూ కనబడ్డాయి. ముసలివి కావు. ఒళ్లంతా లేత బూడిదరంగు నూగుతో, అప్పుడే గది మూత కొరుక్కుని బయటపడ్డ పసి ఈగలు. అలాంటివి కొన్నాళ్ల దాకా గడప దాటకూడదు. లోపలే ఉండి, తమ వెనక పుట్టబోయేవాటికి పాలు పట్టే వయసు వాటిది. ఆమె ఒకదాన్ని అరచేతిలోకి ఎక్కించుకుంది. రెక్కలున్నాయి. ఎగరాలన్న ధ్యాసే లేదు. నాలిక బయటపెట్టి, కాస్త వణికి, పక్కకి ఒరిగిపోయింది.

"ఏమైంది? ఏంటలా కూర్చున్నావ్?" కిటికీ వెనక నుంచి భర్త అడిగాడు. రాత్రంతా బేకరీలో నిలబడి వచ్చినవాడు, ఇంకా చెవి మీద పిండి ఉంది.

"పిల్లలు చచ్చిపోతున్నాయండీ," అంది ఆమె. ఆమె గొంతు విని అతను సలహా ఇవ్వడం మర్చిపోయాడు.

ఆ రోజు షాపుకి సెలవు పెట్టి పెట్టెలన్నీ తెరిచింది. పిల్లలు పెరిగే పట్టు ఆరోగ్యంగా ఉంటే రొట్టె పైపొరలా నిండుగా, సమంగా మూతలు పడి ఉంటుంది. ఇక్కడ జల్లెడలా ఉంది. ఒక గదిలో పిల్లపురుగు, పక్క రెండూ ఖాళీ. కొన్ని మూతలు కుంగిపోయాయి. షాపులో వాడే భూతద్దం కంటికి పెట్టుకుని చూస్తే, ముత్యంలా మెరవాల్సిన పిల్లపురుగులు కొన్ని పసుపు తిరిగి, గదిలో సరిగ్గా ముడుచుకోకుండా చాచుకుని పడున్నాయి. పెట్టెల్లో తేనె ఉంది, పుప్పొడి ఉంది, రాణి ఉంది, పొలానికి పోయి వచ్చే పెద్ద ఈగలూ చలాకీగానే ఉన్నాయి. పసివాటికే ఏదో అయింది. తన చివరి పెట్టెలో పరిస్థితి మరీ ఘోరంగా ఉంది.

తలెత్తి చూస్తే కంచె అవతల ట్రాక్టరు వెనక పెద్ద పీపా, దాని చుట్టూ తెల్లటి తుంపర. ఆమె ఒళ్లు మండిపోయింది. ఈగల్ని సద్దుమణిగించే పొగడబ్బా చేతిలో అలాగే పట్టుకుని కంచె గేటు తోసుకుని తోటలోకి నడిచింది.

తోటాయన మామగారికి పాత నేస్తం. ఆమె ఆయన్ని బాబాయ్ అని పిలిచేది. ఆమె రావడం చూసి ట్రాక్టరు ఆపాడు.

"ఏం కొడుతున్నారు బాబాయ్?"

"తెగులు మందమ్మా. పోయిన వారమంతా ముసురు కదా, ఆకు మీద మచ్చ మొదలైంది."

"పూత మీద కొడుతున్నారా? మా ఈగల పిల్లలన్నీ గడ్డిలో చచ్చి పడున్నాయి, వచ్చి చూడండి!"

ఆయన మొహం ఎర్రబడింది. "పూత మీద పురుగుమందు కొట్టేంత బుద్ధిలేనివాణ్ణి కాదు నేను. ఇది తెగులు మందు. తేనెటీగలకి ప్రమాదం లేదని డబ్బా మీదే రాసుంది. చదువుకో కావాలంటే."

"డబ్బా మీద రాసింది నేను చదవనక్కర్లేదు. మా పెట్టెల్లో రాసింది చదివాను."

"మీ మామ ఉంటే నాతో ఇలా మాట్లాడేవాడు కాదు," అన్నాడు ఆయన.

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఆమె వెనక్కి తిరిగి వచ్చేసింది. నడుస్తూ ఉంటే కోపం కరిగి ఏడుపొచ్చింది. ఆయన కొట్టిన మందు వల్లే అయితే పెద్ద ఈగలు కదా ముందు చావాలి, అవి ఎందుకు బాగున్నాయి అన్న ప్రశ్న కూడా అప్పుడే మొదలైంది. కానీ వెనక్కి వెళ్లి అడగడానికి మొహం చెల్లలేదు.

కొన్నాళ్లు గడిచాయి. గడ్డిలో పాకే పసి ఈగల్ని రోజూ ఏరి ఒక గాజు సీసాలో వేసేది. ఎందుకో తనకే తెలియదు. పారేయబుద్ధి కాలేదు, అంతే.

ఓ ఉదయం గుమ్మం దగ్గర ఎవరో వరసగా తుమ్ముతున్న చప్పుడు. అత్తగారు తలుపు తీస్తే, భుజానికి బరువైన సంచితో, ముక్కు ఎర్రగా కందిపోయిన ఓ నడివయసు ఆవిడ. రుమాలు అడ్డం పెట్టుకుని, "తేనెటీగలున్న ఇల్లు ఇదేనాండీ? నేను పరిశోధన కేంద్రం నుంచి వచ్చాను," అని చెప్పడానికి మూడు తుమ్ములు పట్టాయి.

"జలుబా అమ్మా?"

"కాదండీ. పుప్పొడి పడదు నాకు."

అత్తగారు ఆవిడని ఎగాదిగా చూసింది. "పుప్పొడి పడని మనిషివి ఈగల డాక్టరెలా అయ్యావమ్మా?"

"మా అమ్మా ఇదే అడుగుతూ ఉంటుందండీ," అంది ఆవిడ. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఆవిడ పేరు తుమ్ముల డాక్టరమ్మ.

ఎవరు పంపారని కోడలు అడిగితే, డాక్టరమ్మ కంచె వైపు చూపించింది. "మీ తోటాయన. నా మందు తప్పో కాదో తేల్చండి, తేలేదాకా ఇంకో చుక్క కొట్టను అని మా ఆఫీసుకి రోజూ ఫోను. ఎత్తేదాకా వదల్లేదు."

కోడలు కంచె వైపు తిరిగి చూసింది. తను అంతలేసి మాటలని వచ్చాక, ఆయన చేసిన పని ఇది.

డాక్టరమ్మ రోజంతా పెరట్లోనే ఉంది. తుమ్ము వచ్చినప్పుడల్లా చట్రాన్ని కోడలి చేతికిచ్చి, దూరంగా పోయి తుమ్మి, మళ్లీ వచ్చేది. పుప్పొడి కొంచెం, నల్ల పట్టులోంచి మైనం ముక్కలు, బతికున్న పసి ఈగలు కొన్ని డబ్బాల్లో పెట్టుకుంది. గాజు సీసా చూసి, "ఇవి ఏరి ఉంచారా? అబ్బ, ఎంత మేలు చేశారండీ," అని దాన్ని రెండు చేతులతో తీసుకుంది. పోతూ పోతూ, తన సంచిలోంచి తెల్లటి మైనంతో ఉన్న కొత్త చట్రం ఒకటి తీసింది. మందులు తెలియని కొండల్లో ఈగలు కట్టిన మైనమట.

"మీ పెట్టెల్లో కాస్త గట్టిగా ఉన్నదాంట్లో ఇది పెట్టండి. పక్కనే మీ నల్ల చట్రం ఒకటి గుడ్ల కోసం ఖాళీ చేసి పెట్టండి. రాణి ఒకటే, పాలు పట్టే ఈగలు ఒకటే, తిండి ఒకటే. మైనం మాత్రం వేరు. ఏం జరుగుతుందో మనిద్దరం చూద్దాం."

రాణి రెండింట్లోనూ గుడ్లు పెట్టింది. కోడలు పొద్దున షాపుకి పోయేముందు, సాయంత్రం వచ్చాక, భూతద్దం కంటికి పెట్టుకుని చూసేది. కొత్త మైనంలో గుడ్లు పురుగులై, పురుగులు గది నిండి, చకచకా మూతలు పడ్డాయి. నల్లదాంట్లో చాలావాటిని ఈగలే పీకి పారేశాయి. మిగిలినవి నత్తనడక నడిచాయి. తెల్ల పట్టులోంచి బిలబిలమంటూ ఈగలు బయటికొస్తున్న రోజుకి, నల్లదాంట్లోవి ఇంకా మూత కొరకనే లేదు. చివరికి వచ్చినవి కూడా చిన్నగా, మత్తుగా ఉన్నాయి.

డాక్టరమ్మ మళ్లీ వచ్చినప్పుడు ముందు తోటాయన్ని పిలవమంది. ఆయన కంచె దాటి వచ్చి, కోడలి మొహం చూడకుండా ఓ తిరగేసిన బకెట్ మీద కూర్చున్నాడు. అత్తగారు అందరికీ టీ ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది. కిటికీ వెనక భర్త చెవి అద్దానికి ఆనించి నిలబడ్డాడు.

"మీ ఇద్దరిలో ఎవరి మాటా పూర్తిగా తప్పు కాదండీ," అని మొదలుపెట్టింది డాక్టరమ్మ. "ఈ తెగులు మందు పెద్ద ఈగని చంపదు. డబ్బా మీద రాసింది దాని గురించే. కానీ పూత మీద పడ్డ మందు పుప్పొడిలో కలుస్తుంది. ఆ పుప్పొడి పెట్టెలోకి వస్తుంది. దాన్ని తిని పసివాటికి పాలు తయారుచేసేవి కూడా పసివే. వాటి తలలో పాలగ్రంథులుంటాయి. మీ ఈగల్ని కోసి చూస్తే అవి ఎండిన ద్రాక్షల్లా ముడుచుకుపోయి ఉన్నాయి. పాలు చాలని పిల్ల బలహీనంగా పుడుతుంది, తన తర్వాతి పిల్లకి అది ఇంకా తక్కువ పాలు పడుతుంది."

తోటాయన టీ గ్లాసు కింద పెట్టేశాడు. "అయితే నా వల్లే."

"కొంత. మీ మందు ఒక్కటే అయితే ఇవి తట్టుకునేవేమో. మైనంలో అంతకంటే పాతది ఇంకొకటుంది. రెండూ కలిసేసరికి తట్టుకోలేకపోయాయి." ఆవిడ కోడలి వైపు తిరిగి, గొంతు తగ్గించింది. "పెట్టెలో నల్లికి పట్టీలు పెట్టేవాళ్లా మీరు?"

ఆవగింజలో సగం ఉండే ఎర్ర నల్లి, ఈగ ఒంటికి అతుక్కుని పీల్చేస్తుంది. దానికి మందు పూసిన పట్టీలు చట్రాల మధ్య వేలాడదీసేవాడు మామగారు, ఏటేటా చలికి ముందు.

"మామగారు పెట్టేవారు. నేనూ పెడుతున్నాను, ఆయన చెప్పినట్టే."

"ఆ మందు మైనంలో ఇంకుతుందండీ. తేనె తీసినా పోదు, కడిగినా పోదు. ఏళ్ల తరబడి పేరుకుంది. పుట్టే పిల్ల చుట్టూ నాలుగు గోడలూ అదే. పైగా పిల్ల ఎదగడం ఆలస్యమైతే, మూత లోపల దాక్కున్న నల్లికి పిల్లలు పెట్టడానికి ఇంకాస్త ఎక్కువ సమయం దొరుకుతుంది. ఏ నల్లిని చంపాలని పెట్టారో దానికే మేలు జరుగుతోంది."

"ఏం చెయ్యాలి?"

"నల్ల పట్లన్నీ తీసెయ్యాలి. ఒక్కటి కూడా ఉంచకూడదు. ఈగలు మళ్లీ మొదట్నుంచి కట్టుకోవాలి. ఇక నల్లికి వేరే దారులున్నాయి, నేను నేర్పుతాను."

ఆ సాయంత్రం కోడలు వంటింటి గుమ్మంలో చాలాసేపు నిలబడింది. అత్తగారు బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. ఆయన చేతి చట్రాల్లోని పట్లు విరిచేస్తానని ఈవిడతో ఎలా చెప్పాలి? ఈగల్ని ప్రాణంగా చూసుకున్న మనిషి పెట్టిన మందే ఇంత పని చేసిందని ఏ నోటితో అనాలి?

"అత్తయ్యా, ఒక మాట చెప్పాలి. కోప్పడకండి."

"కోప్పడే మాటైతే కోప్పడతాను. ముందు చెప్పు."

చెప్పింది. దాచకుండా అంతా చెప్పింది. పట్టీల దగ్గరికొచ్చేసరికి ఏడ్చేసింది. అత్తగారు కత్తి పక్కన పెట్టి, తడి చేతులు కొంగుకి తుడుచుకుంది.

"ఆ నల్లి మొదటిసారి వచ్చిన ఏడు నీకు తెలియదు. నువ్వింకా ఈ ఇంటికి రాలేదు. ఒక్క చలికాలంలో పెరడంతా ఖాళీ అయిపోయింది. రెండంటే రెండు పెట్టెలు మిగిలాయి. మీ మామయ్య తిండి మానేశాడు. ఎక్కడెక్కడో తిరిగి ఆ పట్టీలు పట్టుకొచ్చి పెడితే అవి రెండూ నిలబడ్డాయి. నీ పెరట్లో ఉన్నవన్నీ వాటి పిల్లలే. ఆ రోజు ఆ మందే లేకపోతే ఇవాళ నువ్వు ఏడవడానికి ఈగలే ఉండేవి కావు."

కోడలు తలెత్తి చూసింది.

"ఆయన ఉంటే ఏం చేసేవాడో చెప్పనా? ఇన్నాళ్లు ఆ మసిబొగ్గులు ఎందుకుంచావే అని నిన్ను చెడామడా తిట్టేవాడు. ఆయన మీద గౌరవంతో ఉంచావని నాకు తెలుసులే. నేనూ అందుకే నోరెత్తలేదు. ఇద్దరం కలిసి ఆ పసిముండల్ని చంపుకున్నాం. ఇంక చాలు."

మర్నాడు అందరికంటే ముందు పెరట్లోకి వచ్చింది అత్తగారే. తలకి తువ్వాలు చుట్టుకుని, పైన పాత దోమతెర కప్పుకుని, చేతులకి కొడుకు బేకరీ గ్లవుజులు తొడుక్కుని వచ్చింది. కోడలు నవ్వాపుకోలేకపోయింది.

"నవ్వు, నవ్వు. మోకాళ్లు నొప్పెడుతున్నా వచ్చాను, అది చూడు."

ఈగల్ని ఖాళీ పెట్టెల్లోకి విదిలించడం, నల్ల చట్రం అత్తగారి చేతికివ్వడం, ఆవిడ దాని పట్టు కోసి గోనెసంచిలో వేసి మూతి కట్టడం. ఖాళీ అయిన ఒక్కో చట్రాన్నీ పక్కన పెట్టేముందు ఆవిడ దాని తీగ మీద బొటనవేలు పెట్టి చూసేది. ఒకచోట ఆగి, "ఎంత బిగువుగా లాగాడో చూడు, తాళాలాయన," అంది. ఒక ఈగ దోమతెరలో దూరి గడ్డం మీద కుట్టింది. ఆవిడ కదల్లేదు. "ఓస్, ఇంతేనా? ఇన్నేళ్లూ దీనికా నేను భయపడ్డది!"

నల్ల మైనం సంచుల్ని డాక్టరమ్మ తన బండిలో పట్టుకుపోయింది, జాగ్రత్తగా కాల్చేసే చోటుకి. ఈగలన్నీ కొత్త పెట్టెల్లో సర్దుకుని, వాటి తలుపులు మూసేశాక, కిటికీ వెనక మనిషి ఇన్నేళ్లకి పెరట్లో అడుగుపెట్టాడు. చెక్క చట్రాలకి అంటుకున్న మైనం గీకి, బేకరీలో పక్కనపడేసిన పెద్ద గంగాళంలో బట్టల సోడా కలిపిన నీళ్లు మరిగించి, ఒక్కొక్కటే ముంచి తీశాడు. చెమటలు కారుతున్నా సెగ ముందు నిలబడటం అతనికి అలవాటే. "ఇంకొంచెం మరగనివ్వండి!" అని ఆమె ఇంటి లోపలికి పోయి, అతని కిటికీ వెనక నిలబడి అరిచింది. అతను గరిటె ఊపి బెదిరించాడు.

తోటాయన ఆ సాయంత్రం ట్రాక్టరుకి ట్రాలీ తగిలించుకుని వచ్చాడు. తోట పైభాగంలో, చెట్లు పీకేసి వదిలేసిన బీడు ఉంది. మందు తగలని నేల. అడవిపూలు మోకాలెత్తున ఉన్నాయి. ఈ ఏడంతా పెట్టెలు అక్కడ పెట్టుకోమన్నాడు.

"ఇక ముందు పూత రాలాకే కొడతాను. అదీ చీకటి పడ్డాక, ఈగలు ఇల్లు చేరాక. చెట్ల కింద గడ్డిపూలు కోయించాకే ట్రాక్టరు తీస్తాను. మచ్చ వస్తే రానీ, నాలుగు కాయలు తగ్గితే తగ్గనీ."

"బాబాయ్, ఆ రోజు నేను..."

"ఆ రోజు నువ్వు పొగడబ్బా పట్టుకుని నా మీదికి రాకపోతే నేను ఈ పాటికి ఇంకో పీపా కొట్టేసి ఉండేవాణ్ణి. పట్టు, ఆ చివర పట్టుకో, పెట్టె ఎత్తుదాం."

ఆమె ఆ చివర ఎత్తి పట్టుకుంది. చేతుల్లో బరువుతో కళ్లు తుడుచుకోవడానికి కూడా వీల్లేదు.

అన్నీ బతకలేదు. బలం చాలనివాటిని ఒకదానితో ఒకటి కలిపెయ్యాల్సి వచ్చింది. ఆమె గుంపు, మామగారిచ్చిన చివరి పెట్టెలోది, కలపడానికి కూడా ఏమీ మిగలకుండా పోయింది. ఓ ఉదయం మూత తీస్తే రాణి చుట్టూ గుప్పెడు ఈగలు, అన్నీ కదలకుండా. ఆమె ఆ రాణిని బీడులో పూలచెట్టు మొదట్లో పెట్టి, పెట్టె కడిగి ఎండబెట్టింది. ఆ వారమంతా షాపులో తలెత్తకుండా అద్దాలు చెక్కింది.

మిగిలినవి మాత్రం పని మొదలుపెట్టాయి. ఒకదాని కాలు ఒకటి పట్టుకుని గొలుసుల్లా వేలాడుతూ, కడుపు కింద నుంచి పొలుసులు పొలుసులుగా మైనం తీసి కట్టాయి. గాజు గ్లాసులో పాలు పోసినట్టు తెల్లటి పట్టు. రాణి ముందు సందేహించింది. ఇంత తెల్లగా ఉంటే ఇష్టపడదేమోనని కోడలికి భయం. తర్వాత ఓ సాయంత్రం చట్రం ఎండకి వాల్చి పట్టుకుంటే, ప్రతి గదిలోనూ గుడ్డు. ఒక్కటి కూడా ఖాళీ లేదు. ఆమె చట్రం పట్టుకునే అక్కడే కూలబడింది. మామయ్యా, చూశారా అని మనసులోనే అనుకుంది. ఆయన నమ్మకం ఒకటి తప్పిందని తెలిసినా, ఆయన మీద ప్రేమ ఆవగింజంతైనా తగ్గలేదు. ఈ చట్రాన్ని కుదపకుండా ఎత్తడం ఆ చేతులు నేర్పిందే కదా.

ఎండలు ముదిరే వేళకి ఆ పిల్లలు బయటికొచ్చాయి. అవి మొదటిసారి ఎగిరిన రోజు ఆదివారం. మధ్యాహ్నం ఎండ కాస్త వాలాక, లోపలి పని వయసు దాటిన పసి ఈగలు వందల కొద్దీ గుమ్మం ముందుకొచ్చి, ఇంటి వైపే మొహం పెట్టి, గాల్లో పైకీ కిందికీ ఊగుతాయి. తమ ఇల్లు ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడానికి. బంగారు రంగు నూగు మీద ఎండ పడి మెరుస్తోంది. తోటాయన టోపీ తీసి చేతిలో పట్టుకుని చూస్తున్నాడు. అత్తగారికి బీడు దాకా నడక కష్టమని ట్రాలీలో కుర్చీ వేసి తీసుకొచ్చారు. దోమతెర అక్కర్లేదంది. భర్త ట్రాక్టరు క్యాబిన్ అద్దాలెత్తుకుని కూర్చుని, లోపల్నుంచి బొటనవేలు పైకెత్తి చూపించాడు.

"మొన్న పుట్టిన మా చెల్లి మనవరాలు ఇట్లాగే, కళ్లు తిప్పి తిప్పి గదంతా చూస్తుంది," అంది అత్తగారు.

డాక్టరమ్మ కొన్ని పసి ఈగల్ని పట్టి తీసుకెళ్లి చూసిందట. పాలగ్రంథులు నిండుగా, ద్రాక్షగుత్తుల్లా ఉన్నాయట. ఆ మాట చెబుతూ ఎడతెగకుండా తుమ్మింది. కోడలు ఆవిడ తుమ్ములు ఆగేదాకా ఓపిగ్గా నిలబడి, రెండు చేతులూ పట్టుకుంది.

"మీకు థాంక్స్ ఎలా చెప్పాలో తెలియడం లేదండీ. మీరు రాకపోతే..."

"నాకెందుకండీ, ఫోన్ చేసింది ఆయన." డాక్టరమ్మ తోటాయన్ని చూపించింది.

"నాకెందుకు, తిట్టింది ఆవిడ," తోటాయన కోడల్ని చూపించాడు.

"అందరూ ఒకళ్ల మీద ఒకళ్లు తోసుకోకుండా, ఇచ్చినదేదో పుచ్చుకోవచ్చుగా!" అని కసిరింది అత్తగారు. "అమ్మాయ్, నాకు చెప్పు. నేను మొహమాటపడను. చక్కగా తీసుకుంటాను."

కోడలు వంగి ఆవిడ భుజం మీద తల పెట్టింది. ఈ ఇంట్లో ఏ కుర్చీలో కూర్చోవాలా అని వెతుక్కున్న పిల్ల, ఈవిడని అలా పట్టుకోవడం అదే మొదటిసారి. అత్తగారు ఆమె తల నిమిరింది. తర్వాత ముక్కు చీది, "ఈ ఏడు తేనె వస్తుందా, రాదా?" అంది.

"రాదత్తయ్యా. ఉన్నదంతా వాటికే వదిలెయ్యాలి."

"వదిలెయ్. షాపులో కొనుక్కుంటాం. ఈ ముక్క ఎవరికీ చెప్పకు, పరువు పోతుంది."

సోమవారం కోడలు షాపుకి ఆలస్యంగా వెళ్లింది. యజమాని గడియారం వైపు చూశాడు కానీ ఆమె మొహం చూసి ఊరుకున్నాడు. ఆ మధ్యాహ్నం ఓ ముసలాయన కొత్త కళ్లద్దాల కోసం వచ్చాడు. ఆమె ముక్కు మీద సరిగ్గా ఆనేలా కాడలు కాస్త వంచి పెట్టింది. ఆయన గుమ్మం దాకా నడిచి, వీధి అవతలి బోర్డుల మీది అక్షరాలన్నీ బిగ్గరగా ఒకటొకటే చదివాడు. చిన్నపిల్లాడిలా నవ్వుతూ వెనక్కొచ్చి, "చాలా థాంక్సమ్మా, నీ చేతి చలవ," అన్నాడు.

"నాకెందుకండీ" అన్న మాట నోటి చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, "సంతోషమండీ," అంది ఆమె. అని, గుడ్డతో ఆయన అద్దాలు ఇంకోసారి తుడిచి ఇచ్చింది.